ముక్కు దగ్గరి చేప

గుడివాడ మార్కెట్టులో వీరలక్ష్మి తట్ట దగ్గరికి వచ్చేవాళ్లు ఎండుచేపని తాము వాసన చూసి కొనుక్కోవడం మానేశారు. ఆ పని ఆమె మనవరాలు చేసేది. మనవరాలికి ఇంకా రెండేళ్లు నిండలేదు.

"ఇదిగో హాసినీ, ఈ అమ్మగారికి మంచిదో కాదో చెప్పు" అని వీరలక్ష్మి ఒక కానాగంత చేప తీసి చేతిలో పెడితే, ఆ పిల్ల దాన్ని రెండు చేతులా పట్టుకుని ముక్కుకి ఆనించుకునేది. తల కొంచెం పక్కకి వంచి, కదలకుండా కాసేపు అలాగే ఉండేది. తర్వాత "కానా" అని తిరిగి ఇచ్చేస్తే సరుకు భేషైనదన్నమాట. "ఛీ" అని విసిరేస్తే ఎక్కడో బూజు మొదలైందన్నమాట. వీరలక్ష్మి ఆ విసిరేసిన చేపని ఎండకి ఎత్తి తిప్పి తిప్పి వెతికితే, మొప్ప కిందో తోక మొదట్లోనో ఆవగింజంత మచ్చ దొరికేది.

"ఈ చేపల్లోనే పుట్టి, ఈ చేపల్లోనే ముసలిదాన్నయ్యాను. నాకే తెలీదు. దీని ముక్కులో ఏవుందో మరి!" అనేది వీరలక్ష్మి, గర్వం దాచుకోవాలన్న ఆలోచన కూడా లేకుండా.

కొనేవాళ్లకి అదో సరదా. "పిన్నీ, రేపు పెళ్లికొడుకుని కూడా ఇట్టాగే వాసన చూసి ఒప్పుకుంటుందేమో నీ మనవరాలు" అని ఒకావిడ అంటే, "చూడనీ. కుళ్లినోడైతే అక్కడే విసిరేస్తది" అనేది. చుట్టూ ఉన్న కూరగాయల వాళ్లు కూడా నవ్వేవారు. హాసినికి ‘ముక్కు పాప’ అని పేరు పడిపోయింది.

ఈ సందడికి వెనక, నీడలో కూర్చుని కాటా పట్టి, చేపల్ని కాగితంలో చుట్టి ఇచ్చే మనిషి పిల్ల తల్లి గాయత్రి. దివిసీమలో నాగాయలంక వైపు పిల్ల. బందరు పక్కన పాలేనికి కోడలిగా వచ్చింది. మొగుడు శ్రీను గిలకలదిండి నుంచి బోటు మీద వేటకి వెళ్తాడు. తెచ్చిన చేపలో అమ్ముడవని దాన్ని అత్తాకోడళ్లిద్దరూ ఎండబెట్టి, ప్యాసింజరు రైల్లో గుడివాడ తెచ్చి అమ్ముతారు. గాయత్రి మాట్లాడటం తక్కువ. ‘దీన్ని పలకరిస్తే బావిలో రాయేసినట్టే, చప్పుడు పైకి రావడానికి పొద్దు పడుతుంది’ అని వీరలక్ష్మి నలుగురిలో అనేది. గాయత్రి దానికి కూడా ఏమీ అనేది కాదు.

మాట్లాడని మనిషికి చూడటానికి తీరిక ఎక్కువ.

ఒకరోజు మార్కెట్టులో హాసినికి సోడా సీసా మూత ఒకటి దొరికింది. ఎర్రది, లోపల అక్షరాలున్నది. పిల్ల దాన్ని కూడా చేపలాగే ముక్కుకి ఆనించుకుని, తల పక్కకి వంచి కూర్చుంది. గాయత్రి ఆ మూత తీసుకుని వాసన చూసింది. ఏ వాసనా లేదు. ‘అలవాటైపోయింది కాబోలు’ అనుకుంది. మర్నాడు ఇంట్లో తల్లి బొట్టుబిళ్లల అట్ట తీసుకుని హాసిని అదే పని చేసింది. ఆ తర్వాత పరుపు మీది నూలుపోగుని.

ఆ నూలుపోగు దగ్గర గాయత్రి మనసు ఆగిపోయింది. నూలుపోగుకి వాసనేమిటి?

అప్పటినుంచి ఆమె కూతురి మొహం మీది నుంచి కళ్లు తిప్పలేదు. ఎవరైనా వాసన పీలిస్తే ముక్కుపుటాలు కదులుతాయి, ఊపిరి లోపలికి పోతుంది, భుజాలు కొంచెం పైకి లేస్తాయి. చేప పట్టుకున్నప్పుడు హాసినిలో అవేవీ లేవు. ఊపిరి మామూలుగానే ఆడుతోంది. చేప అసలు ముక్కు మీద లేదు, ముక్కు పక్కన ఉంది. కంటి రెప్పల వెంట్రుకలు చేప పొలుసుకి తగులుతున్నాయి.

పాలెంలో చేపలు ఎండబెట్టే చోట కాకుల్ని తోలడం హాసినికి ఆట. కాకి ‘కావ్’ మంటే చాలు, ఆ వైపుకి చేతులూపుకుంటూ పరిగెత్తేది. కానీ పిల్లకి నాలుగడుగుల దూరంలో ఒక కాకి దిగి, నోరు మెదపకుండా నెత్తళ్లు ఏరుకుని తింటుంటే, పిల్ల అటు తిరిగి కూడా ఏమీ లేనట్టే నిలబడింది. బోటు ఒడ్డుకొచ్చిన రోజున తండ్రి లుంగీలాంటి నీలంరంగు లుంగీ కట్టుకున్న వేరే మనిషి వైపు చేతులు చాపింది. "దీనికి నీలం లుంగీ కడితే ఎవడైనా నాన్నే" అని అందరూ నవ్వారు. శ్రీను కూడా నవ్వాడు. గాయత్రికి నవ్వు రాలేదు.

శ్రీను మళ్లీ వేటకి వెళ్లేలోగా ఆ మాట చెప్పింది. "పాపకి దూరం చూపు ఆనట్లేదేమో."

"దానికా? ఆవగింజంత మచ్చ పట్టుకుంటదే! అయినా కళ్లజోళ్లు చదువుకునేవాళ్లకి గదా వచ్చేది. మా అమ్మకి చెప్పు, ఏదన్నా దిష్టి తీస్తదిలే" అని బోటెక్కి వెళ్లిపోయాడు.

అత్తకి చెప్పడమే కష్టం. పిల్ల ముక్కు అంటే వీరలక్ష్మికి అదేదో తన కడుపున పుట్టిన విద్య. పాలెంలో, రైల్లో, మార్కెట్టులో ఆ మాట చెప్పుకోని రోజు లేదు. అది విద్య కాదు, లోపమని కోడలు నోట వింటే ఊరుకుంటుందా? గాయత్రి నోటిదాకా వచ్చిన మాటని రోజూ మింగేసేది. మింగిన ప్రతిసారీ, పిల్ల ఇంకొక వస్తువుని కంటికి ఆనించుకునేది.

చివరికి ఒక మధ్యాహ్నం, ఇద్దరూ పరదా మీద ఆరబోసిన సావడాయి చేపలు తిరగేస్తుండగా అంది.

"అత్తా, ఒక మాట."

"రెండు చెప్పు. నువ్వు నోరు తెరవడమే పండగ."

"హాసిని వాసన పట్టట్లేదత్తా."

"మరేం చేస్తంది?"

"చూస్తంది. అంత దగ్గరికి తెచ్చుకుంటే గానీ కనపడట్లేదు దానికి."

వీరలక్ష్మి చేతిలో చేప అలాగే ఉండిపోయింది. గాయత్రి తలొంచుకుని ఉరుము కోసం ఎదురుచూసింది. ఉరుము రానే వచ్చింది.

"బంగారంలాంటి పిల్లని పట్టుకుని కళ్లు లేవంటావా? కన్నతల్లివేనా నువ్వు? మా వంశంలో సముద్రం మీద ఆకాశం అంచున బోటుంటే ఎవరిదో చెప్పేవాళ్లు. మా మావగారికి పోయేదాకా కళ్లజోడు లేదు. అట్టాంటి ఇంట్లో... పైగా మంచీ చెడూ చూసుకోకుండా ఆ మాటా!"

"అత్తా, నేనన్నది తప్పయితే నాకంటే సంతోషించేవాళ్లు లేరు" అంది గాయత్రి. అంతే. మళ్లీ చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టింది.

సాయంత్రమైంది. గాయత్రి పొయ్యి దగ్గరుంటే వీరలక్ష్మి పెరట్లో ఏదో చేసుకుంటోంది. కాసేపటికి "అమ్మాయ్, పిల్లని తీసుకుని ఇట్టా రా" అని కేక వినిపించింది.

వెళ్లి చూస్తే, వీరలక్ష్మి ముందు రెండు చిన్న మూటలున్నాయి. రెండూ ఒకే పాత చీర చించి కట్టినవి, పసుపు పచ్చటి పువ్వుల గుడ్డ.

"ఏంటత్తా ఇవి?"

"సరుకు మీద అనుమానం వస్తే విప్పి చూడాలి గానీ, అలిగి కూర్చుంటే కుళ్లు ఆగుద్దా?" అంది వీరలక్ష్మి కోడలి మొహం చూడకుండా. "ఒకదాంట్లో ఉత్త గుడ్డపీలికలు. ఇంకోదాంట్లో చెడిపోయిన సావడాయి ముక్కలు. పారెయ్యబోతా ఆగాను. ఈ కంపుకి నాకే కడుపులో తిప్పుతంది. దాని ముక్కే అంత ముక్కయితే దీన్ని ముట్టుకోదు."

గాయత్రి నిలబడిన చోటికే ఆ వాసన వస్తోంది. వీరలక్ష్మి ఆ మూట పిల్ల చేతిలో పెట్టింది.

హాసిని మూటని రెండు చేతులా ఎత్తుకుంది. కంటికి ఆనించుకుంది. తల పక్కకి వంచి గుడ్డ మీది పసుపు పువ్వుని చూసింది. ఇటు తిప్పి ఇంకో పువ్వుని చూసింది. "పువ్వు" అంది, సంతోషంగా. ఆ కంపు కొట్టే మూటని బొమ్మలాగా గుండెకి హత్తుకుంది.

వీరలక్ష్మి లేచి నిలబడింది. నాలుగడుగులు వెనక్కి వేసి, గాజులు మోగకుండా పైకి తోసుకుని, నోరు కట్టేసుకుని రెండు చేతులూ చాపింది. పిల్ల మొహం సరిగ్గా అటే ఉంది. ఎదురుగా ఉన్న నానమ్మ మీదుగా పిల్ల చూపు పెరటి దడి మీదికి వెళ్లి, తిరిగి చేతిలోని పువ్వు మీదికి వచ్చేసింది.

"హాసినీ" అంది వీరలక్ష్మి, లోగొంతుతో.

పిల్ల మూట పడేసి, నవ్వుతూ ఆ గొంతు వైపు పరిగెత్తుకొచ్చి మోకాళ్లని చుట్టేసుకుంది.

వీరలక్ష్మి అక్కడే కూలబడింది. పిల్లని ఒళ్లో వేసుకుని చాలాసేపు దాని చేతులు కడుగుతూ ఉండిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని తలెత్తి కోడలితో అంది. "రేపు తట్ట కట్టొద్దు. చేపలు ఎక్కడికీ పోవు. సరోజినమ్మగారి నంబరు నీ ఫోన్లో ఉందా?"

అంతే. అదే వీరలక్ష్మి. గాయత్రికి ఆ క్షణాన అత్త కాళ్ల మీద పడాలనిపించింది. తన మాట నెగ్గినందుకు కాదు. ఊరంతా చెప్పుకున్న గొప్పని, ఆ పెద్దమనిషి తన చేత్తో తనే మూటగట్టి పక్కన పడేసినందుకు.

సరోజిని గుడివాడలో నర్సుగా చేసి రిటైరైనావిడ. ఆదివారం చర్చికి వెళ్లొచ్చాక సోమవారం తప్పకుండా వచ్చి నెత్తళ్లు తీసుకెళ్తుంది. ఫోన్లో సంగతంతా వింది. "నేను కూడా ఎన్నిసార్లు నవ్వాను వీరలక్ష్మీ! నర్సునై ఉండి నాకూ తట్టలేదు చూడు" అంది. తర్వాత అసలు సంగతిలోకి వచ్చింది. "కళ్లజోళ్ల కొట్టుకి తీసుకెళ్లకండి. దిష్టి, పసరు, కంట్లో చనుబాలు అంటూ రోజులు పోగొట్టకండి. విజయవాడలో చిన్నపిల్లల కళ్లు చూసే డాక్టర్లు వేరే ఉంటారు. మీరు బందర్లో బస్సెక్కండి. నేను పామర్రులో ఎక్కుతా."

"మీకెందుకమ్మా శ్రమ?"

"ఎన్నేళ్లుగా మంచి చేప ఇచ్చావు. ఒకరోజు నీతో బస్సెక్కితే అరిగిపోతానా?"

ప్రయాణం రోజున వీరలక్ష్మి సబ్బు అరిగిపోయేలా స్నానం చేసింది. పామర్రులో సరోజిని బస్సెక్కి పక్కన కూర్చోగానే, "చూడండమ్మగారూ, నా దగ్గర చేపల వాసన వస్తందా? డాక్టరుగారి గదిలోకి రానిస్తారా?" అని చెయ్యి ముందుకి పెట్టింది.

"వస్తే రానీ. డాక్టరుగారు నెత్తళ్లు తినరా ఏంటి?" అంది సరోజిని.

ఆసుపత్రిలో పిల్ల కళ్లల్లో చుక్కల మందు వేశారు. హాసిని ఆసుపత్రి ఎగిరిపోయేలా ఏడ్చింది. కాసేపాగి మళ్లీ వేశారు, మళ్లీ ఏడ్చింది. కంటిపాపలు పెద్దవయ్యేదాకా ఆగాలన్నారు. ఆ ఆగడంలో సరోజిని కళ్లు మూసుకుని పెదవులు కదుపుతుంటే, వీరలక్ష్మి వంగి, "మీ దేవుడికి దాని పేరు సరిగ్గా చెప్పండి. నాగహాసిని. మోపిదేవి స్వామి పేరు కలిపి పెట్టుకున్నాం" అంది. సరోజిని కళ్లు తెరవకుండానే తలూపింది.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. గదిలో దీపాలు తగ్గించి, చేతిలో సన్నటి వెలుగుతో, పిల్ల కంటి ముందు అద్దం తర్వాత అద్దం మార్చి చూస్తోంది. నోటితో పిట్టలా ఈల వేస్తుంటే హాసిని ఏడుపు మరిచిపోయి ఆ ఈల వైపే తిరిగింది.

గాయత్రి ఉండబట్టలేక అడిగింది. "అది ఇంకా సరిగ్గా మాటలే రాని పిల్లండీ. కనపడేదీ లేనిదీ చెప్పలేదు గదా?"

"పాప చెప్పక్కర్లేదండీ. లోపలికి వేసిన వెలుగు కంట్లో కదిలే తీరే చెప్పేస్తుంది" అంది డాక్టరు. ఇంకొన్ని అద్దాలు మార్చి, కంటి లోపలి పొర కూడా చూసి, దీపాలు వేసింది.

"దగ్గరివి చక్కగా కనపడుతున్నాయి. దూరం మాత్రం బాగా మసక. పవరు చాలా ఎక్కువే ఉంది. కానీ లోపల పొర బాగానే ఉంది. కళ్లజోడు పెడదాం. రోజంతా పెట్టుకునే ఉండాలి. ఎప్పటికప్పుడు తీసుకొచ్చి చూపిస్తుండాలి, పవరు మారుతుంటుంది."

"నేను ఎండలో తిప్పినందుకా అమ్మా? చేపల ఉప్పు కంట్లో పడిందా?" వీరలక్ష్మి అడిగింది.

"మీరు చేసిందేమీ కాదండీ. పుట్టుకతోనే వచ్చి ఉంటుంది. కానీ ఇప్పుడు రావడం ఎంత మంచిదైందో చెప్పనా? ఈ వయసులో మెదడు చూడటం నేర్చుకుంటుంది. మసకలోనే పెరిగితే ఆ మసకకే అలవాటు పడిపోతుంది. తర్వాత ఎంత మంచి అద్దం పెట్టినా పూర్తి చూపు రాకపోవచ్చు. చాలామంది బళ్లో బోర్డు కనపడట్లేదని టీచరు చెప్పాక వస్తారు." డాక్టరు కాగితం మీద రాస్తూ తలెత్తింది. "ఎవరు కనిపెట్టారు?"

గాయత్రి తల దించుకుంది. వీరలక్ష్మి కోడలి వీపు మీద చెయ్యేసి ముందుకి నెట్టింది.

"ఇదిగో, ఇదండీ. మా కోడలు. దీనికి నోరు లేదని నేను ఊరందరికీ చెప్పా. నోరు లేకపోతే ఏం, కళ్లున్నాయి నా తల్లికి."

గాయత్రి ఆ ఇంటికి కోడలై వచ్చాక అత్త నోట అలాంటి మాట వినడం అదే మొదలు. ఏం చెయ్యాలో తెలీక, పిల్ల కారుస్తున్న చొంగ తుడవడం మొదలుపెట్టింది.

కళ్లజోడు తయారవడానికి కొన్ని రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే శ్రీను వేట నుంచి వచ్చాడు. విషయం విని నోరెళ్లబెట్టాడు. "చదువుకోకుండానే కళ్లజోడా!" అన్నాడు. తర్వాత ఏమనుకున్నాడో, పిల్లని భుజానికెత్తుకుని చాలాసేపు ఒడ్డున తిరిగాడు. మళ్లీ ముగ్గురాడవాళ్లూ, పిల్లా విజయవాడ వెళ్లారు.

తల వెనక మెత్తటి పట్టీతో కట్టే చిన్న కళ్లజోడు అది. గులాబీ రంగు. పెట్టగానే హాసిని లాగి పారేసింది. మళ్లీ పెట్టారు, మళ్లీ లాగింది. మూడోసారి గాయత్రి దాని రెండు చేతులూ తన చేతుల్లో పట్టుకుని, చెవిలో చిన్నగా ఏదో పాడుతూ కూర్చుంది. పిల్ల గింజుకుంటూ గింజుకుంటూ ఒక్కసారి ఆగిపోయింది. నోరు తెరుచుకుంది. తల నెమ్మదిగా ఇటు నుంచి అటు తిరిగింది, మళ్లీ అటు నుంచి ఇటు. గాయత్రి పాట ఆపేసినా పిల్ల కదల్లేదు. చేతులు వదిలేసినా కళ్లజోడు మీదికి వెళ్లలేదు.

తిరుగు ప్రయాణంలో బస్సు కంకిపాడు దాటింది. రెండువైపులా పచ్చటి చేలు, కాలవ గట్టు మీద తెల్ల కొంగలు. గాయత్రి ఒళ్లో నిలబడి, హాసిని కిటికీ ఊచలు పట్టుకుని వేలు చూపిస్తూనే ఉంది. దాని దగ్గరున్న మాటలు పది. పేర్లు లేని వాటికి "అదో, అదో" అంటోంది.

అవతలి సీట్లో సరోజిని, వీరలక్ష్మి. "ఇంక సోమవారం నుంచి నా నెత్తళ్లు నేనే వాసన చూసుకోవాలి కాబోలు" అంటోంది సరోజిని.

"చూసుకోండమ్మా. మీకూ ఇచ్చాడు గదా దేవుడు ముక్కు! నా మనవరాలికి ఇంక బోలెడు పనులున్నాయి."

"మోపిదేవికి మొక్కేమైనా మొక్కావా?"

"మొక్కకుండా ఉంటానా? వచ్చే వారం వెళ్తన్నాం. పుట్టెంట్రుకలప్పుడు తీసుకెళ్తే స్వామి వైపే చూడకుండా నా చెవి కమ్మ పట్టుకు కూర్చుంది. ఈసారి కళ్లజోడుతో తీసుకెళ్తా. మనం స్వామిని చూస్తే చాలా? దానికీ కనపడాలి గదా ఆయన మొహం."

ఆ మాటల చప్పుడుకేమో, హాసిని కిటికీ వదిలి ఇటు తిరిగింది. నడవకి అవతల కూర్చున్న నానమ్మని చూసింది. చూస్తూనే ఉండిపోయింది. నానమ్మ నుదుటి మీద చెరిగిన కుంకుమని, ముక్కుపుడకని, ఎండకి నల్లబడి ముడతలు పడ్డ బుగ్గల్ని, వక్క నమిలి ఎర్రబడ్డ పళ్లని, ఒక్కొక్కటిగా, తొందర లేకుండా చూసింది.

వీరలక్ష్మికి ఇబ్బందైంది. "ఏంటే, అట్టా చూస్తన్నావు? నన్నెప్పుడూ చూళ్లేదా?"

అనేశాక, ఆ ప్రశ్నకి జవాబు ఆమెకే తట్టింది. సరోజిని కిటికీ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంది. గాయత్రి పిల్లని కొంచెం ముందుకి జరిపి, నడుం గట్టిగా పట్టుకుంది.

మార్కెట్టుకి వెళ్లేటప్పుడు కూడా ఏనాడూ అద్దం ముందు నిలబడని వీరలక్ష్మి గబగబా కొంగుతో మొహం తుడుచుకుంది. చెదిరిన జుట్టు చెవుల వెనక్కి దోపుకుంది. చీర భుజం మీదికి సర్దుకుని, నిటారుగా, ఫోటోకి కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇప్పుడు చూడు" అంది.